పన్నెండో మనిషి ఎవరివాడు? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ‘మాదే మొదలు’ తగువులు

క్లుప్తంగా: స్టేడియంలోని అభిమానులను ‘ట్వెల్ఫ్త్ మ్యాన్’ అని పిలిచే హక్కు తమదేనని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ట్రేడ్‌మార్క్ తీసుకుంది. ఆ మాట మాత్రం అక్కడ పుట్టలేదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇలాంటి తగువులు చాలా ఉన్నాయి. మాట ఎవరు ముందు అన్నారు, ఆనవాయితీని విడవకుండా ఎవరు నడిపారు, కాగితం మీద ఎవరు ముందు రాయించుకున్నారు అనే మూడు ప్రశ్నలను కలిపేసి ఒక్కటిగా అడగడం వల్లే వాటిలో చాలావరకు తెగడం లేదు.

తెలుగువాళ్లకు ‘ట్వెల్ఫ్త్ మ్యాన్’ అనగానే క్రికెట్ గుర్తొస్తుంది. పదకొండు మందిలో చోటు దొరకక, డ్రింక్స్ బ్రేక్‌లో నీళ్ల సీసాలు పట్టుకుని మైదానంలోకి పరుగెత్తే ఆటగాడు. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదు. హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని గీత దాటించే ఆట. అందులోనూ ఒక్కో జట్టు నుంచి మైదానంలో ఉండేది పదకొండు మందే. పన్నెండో మనిషి అంటే గ్యాలరీలో గొంతు చించుకుంటున్న జనం.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ, టెక్సాస్ విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న మన పిల్లలకూ ఈ గొడవ కొత్తది కాదు. టెక్సాస్, టెక్సాస్ ఎ అండ్ ఎం జట్ల మధ్య పదమూడేళ్లు ఆగిపోయిన పోటీ 2024 నవంబరు 30న మళ్లీ మొదలైంది. దాంతోపాటే పాత కథలన్నీ బయటికొచ్చాయి. ఎవరి ఆనవాయితీ ముందు, ఎవరు ఎవరి దగ్గర ఎత్తుకున్నారు అనే వాదన స్కోరు కంటే ఎక్కువ సేపు నడుస్తుంది. బయటివాళ్లకు ఇది చిన్నపిల్లల పేచీలా అనిపించవచ్చు. దీని వెనక చరిత్ర ఉంది, చట్టం ఉంది, గణనీయమైన డబ్బూ ఉంది.

ప్రెస్ బాక్స్ నుంచి సైడ్‌లైన్‌కి

ఎ అండ్ ఎం చెప్పే కథ 1922 జనవరి 2న డాలస్‌లో మొదలవుతుంది. ఆ రోజు ‘డిక్సీ క్లాసిక్’ అనే మ్యాచ్. ఎదుటి జట్టు కెంటకీ రాష్ట్రానికి చెందిన సెంటర్ కాలేజీ. చిన్న కాలేజీయే గానీ, అంతకు కొద్ది నెలల ముందే హార్వర్డ్‌ను 6-0 తేడాతో ఓడించి దేశమంతా పేరు తెచ్చుకుంది. ఆట మొదలయ్యాక ఎ అండ్ ఎం ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడుతూ వచ్చారు. బెంచీ మీద మిగిలినవాళ్లు తగ్గిపోతుంటే కోచ్ డానా బైబుల్‌కు టెన్షన్ పట్టుకుంది.

అప్పుడు ఆయనకు ఇ. కింగ్ గిల్ గుర్తొచ్చాడు. గిల్ ఆ ఏడాది ఫుట్‌బాల్ జట్టులో ఉన్నవాడే. సీజన్ అయ్యాక బాస్కెట్‌బాల్‌కు మారాడు. ఆ రోజు పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చుని, మైదానంలో ఎవరు ఎవరో విలేకరికి గుర్తుపట్టి చెబుతున్నాడు. కోచ్ పిలిపిస్తే కిందికి దిగాడు. స్టాండ్స్ కిందికి వెళ్లి, గాయపడిన ఆటగాడి యూనిఫాం తను తొడుక్కుని, తన బట్టలు అతనికి ఇచ్చాడు. ఆట ముగిసేదాకా సైడ్‌లైన్ దగ్గర సిద్ధంగా నిలబడ్డాడు.

అతణ్ని ఆడించాల్సిన అవసరం రాలేదు. ఎ అండ్ ఎం 22-14తో గెలిచింది. గెలిపించే టచ్‌డౌన్ ఏదీ తాను చేయలేదనీ, జట్టుకు అవసరం పడితే ఉందామని నిలబడ్డాననీ గిల్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. ఈ కథకు బలం ఆ నిజాయితీలోనే ఉంది. ఇప్పటికీ కైల్ ఫీల్డ్ స్టేడియంలో ఎ అండ్ ఎం విద్యార్థులు ఆట సాగినంతసేపూ కూర్చోరు. అవసరమైతే మేమూ దిగుతాం అన్నదానికి అది గుర్తు. 1980లో గిల్ విగ్రహం పెట్టారు. 1983లో కోచ్ జాకీ షెరిల్ స్కాలర్‌షిప్ లేని మామూలు విద్యార్థులతో ఒక కిక్‌ఆఫ్ దళాన్ని (బంతిని ఎదుటి జట్టు వైపు తన్ని ఆట మొదలుపెట్టే బృందాన్ని) తయారుచేసి, దానికి ఈ పేరే పెట్టాడు.

గమనిస్తే, గిల్ చేసిన పని అమెరికా అర్థం కంటే క్రికెట్ అర్థానికే దగ్గర. అతను అరిచే జనంలో ఒకడు కాదు, నిజంగానే అదనపు ఆటగాడు. ‘రిజర్వ్ ఆటగాడు’ అన్న అర్థం ఎక్కడ ‘మొత్తం జనం’ అన్న అర్థంగా మారిందో, చిక్కుముడి అక్కడే పడింది.

గిల్ కంటే ముందే ఉన్న మాట

జనాన్ని పన్నెండో ఆటగాడిగా చెప్పడం గిల్‌తో మొదలు కాలేదు. 1900లోనే మిన్నెసోటా విశ్వవిద్యాలయ పత్రిక ఒకటి, అభిమాని జట్టులో పన్నెండో మనిషి అనీ, అతని ప్రభావం అంతుబట్టనిదనీ రాసింది. 1912లో అయోవా పూర్వ విద్యార్థుల పత్రికలో వచ్చిన వ్యాసం, 1903 నాటి ఒక మ్యాచ్‌ను గుర్తుచేసుకుంటూ, పదకొండు మంది చేయగలిగిందంతా చేశారు, గెలిపించింది మాత్రం అయోవా అభిమాని అనే పన్నెండో మనిషి అని చెప్పింది. రెండూ అచ్చులో ఉన్న ఆధారాలు. రెండూ డాలస్ మ్యాచ్ కంటే పాతవి.

ఎ అండ్ ఎంలో కూడా గిల్ కథ మరునాడే సంప్రదాయం కాలేదు. 1939లో పూర్వ విద్యార్థుల సంఘం నిర్వాహకుడొకరు ఆ సంఘటనను రేడియో నాటకంగా మలిచాక అది జనంలోకి వెళ్లింది. అంటే సంఘటనకు, అది పురాణం కావడానికి మధ్య పదిహేడేళ్లు ఉన్నాయి. అదే ఏడాది ఎ అండ్ ఎం జాతీయ చాంపియన్ కావడం కూడా కలిసొచ్చి ఉండాలి. గెలుస్తున్న జట్టుకు తన మూలకథ వినాలని ఉంటుంది.

కాబట్టి ‘మొదట ఎవరు’ అనే ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబు సరిపోదు. మాట మొదట అచ్చయిన చోట్లలో మిన్నెసోటా ఉంది. ఒక మనిషి కథతో ముడిపెట్టి, తరం తర్వాత తరం నిలబడి మరీ నడిపింది ఎ అండ్ ఎం. మిన్నెసోటా, అయోవా ఆ మాటను అలంకారంగా వాడి వదిలేశాయి. ఆధారాలన్నీ చూస్తే, మాటను కనిపెట్టామని ఎ అండ్ ఎం అనడానికి వీల్లేదు, దాన్ని ఆచారంగా నిలబెట్టామని మాత్రం ధైర్యంగా చెప్పుకోవచ్చు. అభిమానుల వాదనల్లో ఈ తేడా దాదాపు ఎప్పుడూ కనిపించదు.

ఎద్దు మీద వాత

ఇదే వైరంలో రెండో మూలకథ ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానిది. వాళ్ల మస్కట్, అంటే జట్టుకు గుర్తుగా ఉండే జంతువు, ‘బీవో’ అనే పొడవు కొమ్ముల ఎద్దు. ఆ పేరు ఎలా వచ్చిందో అడిగితే చాలామంది చెప్పే కథ ఇది. 1915లో ఎ అండ్ ఎం 13-0తో టెక్సాస్‌ను ఓడించింది. దాన్ని గుర్తుచేసి ఎగతాళి చేయడానికి, ఎ అండ్ ఎం కుర్రాళ్లు 1917 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆస్టిన్ పశువుల దొడ్లో చొరబడి, ప్రత్యర్థి ఎద్దు పక్కమీద ‘13-0’ అని వాత పెట్టారు. ఆ అవమానాన్ని దాచడానికి టెక్సాస్ విద్యార్థులు వాతనే మార్చేశారట. 1, 3 కలిపి ‘బి’ చేశారు. మధ్య గీతకు అడ్డగీతలు చేర్చి ‘ఇ’ చేశారు. సున్నాకు ముందున్న ఖాళీలో ‘వి’ ఇరికించారు. సున్నా ‘ఓ’ అయింది. ఇంగ్లీషు అక్షరాల్లో అది బీవో.

వాత పెట్టిన మాట నిజం. మార్చిన మాటకే ఆధారం లేదు. టెక్సాస్ పూర్వ విద్యార్థుల పత్రిక 1916 డిసెంబరు సంచికలోనే ఆ ఎద్దును బీవో అని పిలిచింది. అంటే వాతకు రెండు నెలల ముందే పేరుంది. ఇంకో ఆధారం ఆ ఎద్దు తోలే. మేపే ఖర్చు భారమై, 1920లో దాన్ని కోసి విందు పెట్టారు. ఆ విందుకు ఎ అండ్ ఎం వాళ్లను కూడా పిలిచి, ‘13-0’ వాత ఉన్న తోలు ముక్కను వాళ్లకే బహుమతిగా ఇచ్చారు. వాతను నిజంగా అక్షరాలుగా మార్చి ఉంటే ఆ ముక్క మీద అంకెలు మిగిలేవి కావు.

పేరు ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ఇప్పటికీ ఊహే. ఆ రోజుల్లో బీవో అనే ఆల్కహాల్ లేని బీరు బాగా అమ్ముడయ్యేది. పశువుకు ఇంగ్లీషులో ఉన్న ‘బీవ్’ అనే పాత మాట నుంచి వచ్చిందని కూడా అంటారు.

వాత మార్చిన కథ ఇంత ఆధారం ఎదురుగా ఉన్నా ఎందుకు చావదు? అది ఇద్దరికీ పనికొస్తుంది కాబట్టి. మీ మస్కట్‌కు పేరు పెట్టింది మేమే అని ఎ అండ్ ఎం నవ్వుకుంటుంది. మీ అవమానాన్నే మా గుర్తుగా మార్చుకున్నాం అని టెక్సాస్ మీసం మెలేస్తుంది. రెండు వైపులా లాభం ఉన్న కథను సరిదిద్దే తీరిక ఎవరికీ ఉండదు.

వైరం కథను ఎలా పెంచుతుంది

ఎ అండ్ ఎం 1876లో మిలిటరీ శిక్షణతో కూడిన వ్యవసాయ, సాంకేతిక కాలేజీగా తెరుచుకుంది. ఆడపిల్లలను చేర్చుకోవడం 1963లో మొదలైంది. టెక్సాస్ విశ్వవిద్యాలయం 1883లో రాజధాని నగరంలో తెరుచుకుంది. ఒకరిది పల్లె, క్రమశిక్షణ, కవాతు. ఇంకొకరిది నగరం, పలుకుబడి. 1894లో తొలి మ్యాచ్‌లో టెక్సాస్ 38-0తో గెలిచింది. అప్పట్నుంచీ ఒకరిని చూసి ఇంకొకరు తమను నిర్వచించుకోవడం అలవాటైంది. ఆడకుండా గడిచిన పదమూడేళ్లలో కూడా రెండు విశ్వవిద్యాలయాల పాటల్లో రెండోవారి ప్రస్తావన అలాగే ఉండిపోయింది.

మిగతా చోట్ల కూడా ఇదే తీరు. ఒహాయో స్టేట్ బ్యాండ్ మైదానంలో నడుస్తూ ‘ఒహాయో’ అనే పేరును గొలుసు రాతలో రాసి, చివర ‘ఐ’ మీద చుక్క పెట్టడం అమెరికాలో పేరుపొందిన దృశ్యం. వాళ్ల లెక్క ప్రకారం అది 1936 అక్టోబరులో మొదలైంది. దానికి నాలుగేళ్ల ముందే, 1932లో, బద్ధ శత్రువైన మిషిగన్ బ్యాండ్ అదే స్టేడియానికి వచ్చి మర్యాదపూర్వకంగా ఆ పేరు రాసింది. మిషిగన్ అభిమానులు దీన్ని ఎత్తిచూపుతూనే ఉంటారు. రాయడం వేరు, ఒకరి వెనక ఒకరు పాములా సాగుతూ, ఒకే పాట మీద ప్రతి ఏడాదీ చేయడం వేరు అని ఒహాయో జవాబు. మళ్లీ అదే తేడా, మొదటిసారి ఎవరు చేశారు, విడవకుండా ఎవరు చేశారు.

అలబామాలో ఆబర్న్ అభిమానుల ‘వార్ ఈగిల్’ నినాదానికైతే పోటీ కథలు నాలుగైదు ఉన్నాయి. అన్నిట్లోకీ ఎక్కువగా చెప్పుకొనేది 1892లో అట్లాంటాలో జార్జియాతో జరిగిన తొలి మ్యాచ్ కథ. అంతర్యుద్ధంలో పోరాడిన ఒక ముసలి సైనికుడు, యుద్ధభూమిలో దొరికిన గద్దపిల్లను పెంచి ఆ మ్యాచ్‌కు తెచ్చాడట. అది చేయి జారి మైదానం పైన చక్కర్లు కొడుతుంటే ఆబర్న్ గెలిచిందట. ఆట ముగియగానే గద్ద నేలరాలి చనిపోయిందట. మ్యాచ్ జరిగింది, ఆబర్న్ 10-0తో గెలిచింది. గద్ద కథ మాత్రం 1959లో విద్యార్థి పత్రికలో దాని సంపాదకుడు రాసింది. ఆ కథకూ ఆ మ్యాచ్‌కూ మధ్య 67 ఏళ్లు.

పూర్వ విద్యార్థులను ఇంటికి రమ్మని పిలిచే ‘హోమ్‌కమింగ్’ పండుగ కూడా అంతే. 1911లో కాన్సస్‌తో ఆటకు రమ్మన్న మిసోరి తనదే మొదలంటుంది. 1910 లెక్కతో ఇలినాయ్, 1909 లెక్కతో బేలర్ ఎదురు నిలుస్తాయి. ఏడాది ఏడాదికీ విడవకుండా జరపాలా, ఫుట్‌బాల్ ఆట ఉండి తీరాలా, ఆ పేరే వాడాలా అన్నది ముందు తేల్చుకుంటే గానీ ఎవరు మొదలో తేలదు. ఎవరికి వారు తమకు అనుకూలమైన కొలత ఎంచుకుంటారు.

ట్రేడ్‌మార్క్ దేన్ని కాపాడుతుంది

‘ట్వెల్ఫ్త్ మ్యాన్’ మిగతా వాటికంటే ముదరడానికి కారణం చట్టం. ఎ అండ్ ఎం 1989లో దరఖాస్తు పెట్టి 1990లో ఆ మాటను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకుంది. అప్పటికే సియాటిల్ సీహాక్స్ అనే ప్రొఫెషనల్ జట్టు 1984లో 12వ నంబరు జెర్సీని ఆటగాళ్లెవరికీ ఇవ్వకుండా అభిమానులకు అంకితం చేసింది. 2006 జనవరిలో సీహాక్స్ ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు చేరి దేశమంతా దాని గురించే మాట్లాడుకుంటున్న సమయంలో ఎ అండ్ ఎం దావా వేసింది. మే నెలకల్లా రాజీ కుదిరింది. సీహాక్స్ ముందుగా లక్ష డాలర్లు, తర్వాత ఏటా 5,000 డాలర్లు చెల్లించి, పరిమితంగా వాడుకోవడానికి లైసెన్స్ తీసుకున్నట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. ఇండియానాపోలిస్ కోల్ట్స్ అనే ఇంకో ప్రొఫెషనల్ జట్టు మీద 2015 నవంబరులో ఇంకో దావా పడింది. కొన్ని నెలల్లోనే ఆ జట్టు మాట వాడకం మానుకోవడానికి ఒప్పుకుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ట్రేడ్‌మార్క్ అంటే ‘ఈ మాటను కనిపెట్టింది మీరే’ అని ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఫలానా సరుకు మీద, ఫలానా సేవ మీద ఈ పేరు కనిపిస్తే కొనేవాడికి ఫలానా సంస్థ గుర్తొస్తుంది, కాబట్టి వేరేవాళ్లు అదే పేరుతో అమ్మి గందరగోళం చేయకూడదు, అంతవరకే. అమెరికా చట్టంలో హక్కు పుట్టేది వ్యాపారంలో వాడకం వల్ల. మాటను ఎవరు ముందు పలికారన్నది కోర్టుకు దాదాపు అనవసరం. అందుకే 1900 నాటి మిన్నెసోటా పత్రికతో ఎ అండ్ ఎం హక్కుకు పెద్దగా నష్టం లేదు. సియాటిల్ 1984 నుంచి చేస్తున్న వాడకం మాత్రం గట్టి వాదన అయ్యుండేది. రాజీ కుదరడంతో ఏ న్యాయమూర్తీ దాని మీద తీర్పు చెప్పలేదు. ‘కోర్టు ఎ అండ్ ఎందే అని తేల్చింది’ అనే మాట సరికాదు.

మన దగ్గర పోలిక కావాలంటే జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగులు చూడాలి. రసగుల్లా మాదంటే మాదని బెంగాల్, ఒడిశా వాదులాడుకుంటే 2017లో బెంగాల్ రకానికీ, 2019లో ఒడిశా రకానికీ వేర్వేరుగా గుర్తింపు దక్కింది. మిఠాయి మొదట ఎవరు చేశారన్నది ఆ నమోదు తేల్చలేదు. తిరుపతి లడ్డూకు 2009లో టీటీడీ పేరున జీఐ వచ్చింది. లడ్డూ అనే మిఠాయి తిరుపతిలో పుట్టిందని దాని అర్థం కాదు, ఆ పేరుతో ఇంకొకరు అమ్మకూడదని. జీఐలో ఊరుకూ సరుకుకూ ఉన్న సంబంధం చూస్తారు. ట్రేడ్‌మార్క్‌లో సంస్థకూ పేరుకూ ఉన్న సంబంధం చూస్తారు.

ఎ అండ్ ఎం ఇంత పట్టుదలగా ఎందుకు దావాలు వేస్తుందన్నదానికి కూడా చట్టంలోనే కారణం ఉంది. తన మార్కును ఇతరులు వాడుతుంటే చూసీ చూడనట్టు వదిలేస్తే, అది అందరూ వాడే మామూలు మాటగా మారిపోయి హక్కు బలహీనపడుతుంది. కాబట్టి అభిమానం లేకున్నా లాయర్ నోటీసు పంపక తప్పదు. ఈ కథలో చేదు మలుపు కూడా ఒకటి ఉంది. గిల్ జీవితం మీద తన పుస్తకం కోసం రాయించినదాన్ని అనుమతి లేకుండా ప్రచురించారని ఒక రచయిత ఎ అండ్ ఎం మీదే 2017లో కాపీరైట్ దావా వేశాడు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కావడంతో రాష్ట్రానికి ఉండే చట్టపరమైన రక్షణ అడ్డొచ్చి, విశ్వవిద్యాలయం మీద అతని వాదన నిలవలేదు. తన హక్కు కోసం ఇతరులను కోర్టుకు లాగే సంస్థ, తన మీదికి వచ్చినప్పుడు ఆ రక్షణ వెనక నిలబడటం న్యాయంగా కనిపించదు.

కథ బరువెక్కినప్పుడు

మూలకథ బలపడేకొద్దీ ఆచారాన్ని ప్రశ్నించడం ద్రోహంలా అనిపిస్తుంది. టెక్సాస్‌తో ఆటకు ముందు ఎ అండ్ ఎం విద్యార్థులు దుంగలు పేర్చి పెద్ద భోగిమంట వేసేవారు. 1999 నవంబరు 18 తెల్లవారుజామున, 59 అడుగుల ఎత్తున పేరుస్తున్న సుమారు 5,000 దుంగల కట్టడం కూలింది. 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. విచారణ సంఘం నిర్మాణ లోపాలతోపాటు, ఏళ్ల తరబడి అలవాటైన ఆచారాన్ని ప్రమాదంగా చూడలేకపోయిన సంస్థాగత ధోరణిని కూడా కారణంగా చెప్పింది. ఆ వారం టెక్సాస్ విశ్వవిద్యాలయం తన వంతు సంబరాన్ని సంతాప సభగా మార్చుకుంది. విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఆ మంట మళ్లీ వెలగలేదు. క్యాంపస్ బయట విద్యార్థులు సొంతంగా వేస్తున్నారు.

ఇకముందు ఏమవుతుంది

టెక్సాస్ 2024 జులైలో సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ జట్ల కూటమిలో చేరడంతో, 2012 నుంచి అక్కడే ఉన్న ఎ అండ్ ఎంతో ఏటా ఆట ఖాయమైంది. పునఃప్రారంభ మ్యాచ్‌లో టెక్సాస్ 17-7తో గెలిచింది. ఇక పాత కథలకు ప్రతి నవంబరులో కొత్త శ్రోతలు దొరుకుతారు.

డబ్బు వైపు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. తొలి ఏడాది ఒక్కో సంస్థకు పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ సొమ్ము టికెట్లు, టీవీ హక్కులతోపాటు టీషర్టులు, టోపీల నుంచి కూడా రావాలి. ఒహాయో స్టేట్ 2022లో ‘ది’ అనే మూడక్షరాల ఇంగ్లీషు మాటకే దుస్తుల మీద ట్రేడ్‌మార్క్ తెచ్చుకోవడం ఈ దారిలోదే. పాత లోగోలతో టీషర్టులు అమ్మిన ఒక కంపెనీ మీద పెన్ స్టేట్ వేసిన కేసులో 2024 నవంబరులో జ్యూరీ విశ్వవిద్యాలయం పక్షానే నిలిచింది. పాత బొమ్మలు వేసుకోవడం వట్టి అభిమానమే, సంస్థ ముద్ర కాదు అన్న వాదన అక్కడ ఓడింది.

ఇలాంటి తీర్పులు వచ్చేకొద్దీ, ఎవరిదీ కాని పాత నినాదాలనూ సైగలనూ కూడా నమోదు చేయించుకోవాలన్న తొందర పెరుగుతుంది. అప్పుడు పాత పత్రికల కట్టలు తిరగేసే లైబ్రేరియన్లకూ చరిత్రకారులకూ పని పెరుగుతుంది. బీవో పేరు సంగతి తేల్చింది కోర్టు కాదు, 1916 నాటి ఒక పత్రిక సంచిక.